నర్సమ్మ నొక్కిన మొదటి స్విచ్చు

బల్కంపేటలో మా మేనకోడలు కొత్తగా అద్దెకు దిగిన ఫ్లాటు చూడటానికి మొన్నొక మధ్యాహ్నం వెళ్ళాను. లిఫ్టు తలుపు తెరిస్తే లోపల అప్పటికే ఒక ముసలామె ఉంది. నెత్తిన కొంగు, చేతిలో కొత్తిమీర కట్ట తొంగిచూస్తున్న సంచి, వీపు గోడకానించి బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉంది. లిఫ్టు మాత్రం కదలడం లేదు. ఆమె ఏ బటనూ నొక్కలేదు మరి. నేను మూడు నొక్కి, "మీకెన్నో అంతస్తమ్మా?" అన్నాను.

"నాలుగు నొక్కు బిడ్డా."

"ఇంతసేపూ నొక్కకుండానే నిలబడ్డారా?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "నేను ముట్ట బిడ్డా. నేను ముడితే గివన్నీ బందైతయి. ఎవరన్న వచ్చేదాంక గిట్లనే నిలవడ్త," అంది.

మొహం కంటే ముందు గొంతు గుర్తుపట్టాను. గొంతుతోపాటే ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా తెలిసిపోయింది. "నర్సమ్మా," అన్నాను. ఆమె కళ్ళు చికిలించి చూసి, "సుజాతవు గాదూ? బట్టలు గుట్టే లక్ష్మయ్య బిడ్డవు!" అని సంచి కింద పెట్టి, నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. అంత ప్రేమగా విరిచింది. మూడో అంతస్తు వచ్చింది. "మీద నా బిడ్డ ఇల్లే. చాయ్ తాగిపో, మర్సిపోకు," అంది. వస్తానని చెప్పి దిగాను. మేనకోడలు వంటిల్లు చూపించింది, బాల్కనీ చూపించింది, దూరంగా మెట్రో స్తంభాలు చూపించింది. నేను ఏదీ సరిగ్గా చూడలేదు. పైకి వెళ్ళాలా, చెప్పులేసుకుని మెట్ల మీదుగా పారిపోవాలా అని లోలోపల కొట్టుకుంటూనే ఉన్నాను.

ఇదంతా చెప్పాలంటే ముందు మా బాపు సంగతి చెప్పాలి. మా తాత సిరిసిల్లలో మగ్గం నేసిన మనిషి. బాపు మగ్గం వదిలి కుట్టుమిషన్ పట్టుకుని పంజగుట్టకు వచ్చాడు. ఎర్రమంజిల్ పోయే దారి పక్క సందులో చిన్న షాపు, దాని వెనకే మా రెండు గదులు. మా ఇల్లంతా గంజి వాసన, కొత్త బట్ట వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద కాలిన తడిగుడ్డ వాసన. వీటన్నిటి మీదా మిషన్ నూనె వాసన. అన్నంలో కూడా ఆ నూనె వాసన వచ్చేదని అమ్మ విసుక్కునేది. బాపు పొద్దున్నే స్నానం చేసి, తడి తల తుడుచుకోకుండానే పొడుగు ముక్కున్న నూనెడబ్బా పట్టుకుని మిషన్‌కున్న బెజ్జాల్లో ఒక్కొక్క చుక్క వేసేవాడు. తర్వాత ఒక వేస్టు పేలిక తీసుకుని దాని మీద జానెడు కుట్టు వేసేవాడు. ఆ కుట్టు చూసుకున్నాకే గిరాకీ బట్ట ముట్టేవాడు. "మొదటి కుట్టు నీ చేతుల పడాలె. మిషన్‌కు సుత చెయ్యి గుర్తుంటది బిడ్డా," అనేవాడు. కుట్టు ఎక్కడైనా తప్పితే మిషన్‌ను ఏమీ అనేవాడు కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "మిషన్ తనంతల తాను మారదు. పొద్దుగాల నేనేం మార్చిన?" అని తనను తనే అడుక్కునేవాడు. దారం మార్చానా, సూది మార్చానా, బల్ల జరిపానా అని వేళ్ళు మడిచేవాడు. కాసేపటికి దొరికేది. ఆ ఓపిక నాకు రాలేదు. ఆ పొద్దుటి అలవాటు మాత్రం వచ్చింది.

మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ రోజుల్లో అమీర్‌పేటలో నడుస్తుంటే ముఖం మీదికి కరపత్రాలే. ఒక్క వీధి దాటేసరికి చేతిలో అరడజను కోర్సులుండేవి. వాటిలో బజ్జీలు కట్టించుకుని తింటూ ఇంటికి వచ్చేవాళ్ళం. కోర్సు అయ్యాక ఆ వెనక సందులోనే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మూడో అంతస్తు, ఐదు కంప్యూటర్లు, ఒక ఏసీ గది. యజమాని మురళిగారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కోపం తాటాకు మంటలా వచ్చి పోయేది కానీ మనిషి చెడ్డవాడు కాదు. ఊళ్ళో షాపులకూ కోచింగ్ సెంటర్లకూ వెబ్‌సైట్లు చేసి, మా దగ్గరే ఒక కంప్యూటర్‌లో పెట్టి, లోకానికి చూపించడం మా పని. ఆ కంప్యూటరే సర్వర్. ఏసీ గదిలో మూలకు ఉండేది. దాన్ని చూసుకునే పని నాది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. బాపు జాకెట్టు కొలతలు తీసుకుంటూ ఆడవాళ్ళకు ఆ మాట చెప్పేవాడు, అడిగినా అడక్కపోయినా.

నర్సమ్మ ఆ ఆఫీసులో ఊడ్చి తుడిచి చాయ్ పెట్టేది. బల్కంపేట రైలు పట్టాల అవతలి బస్తీ నుంచి నడిచి వచ్చేది. నేను వెళ్ళేసరికి ఆఫీసంతా ఫినాయిల్ వాసన, దాని వెనకాలే ఇలాచీ వేసిన చాయ్ వాసన. ఆమె గురించి అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది, ఆమె చెయ్యి మంచిదని. బస్తీలో పెళ్ళయితే పసుపు దంచడానికి మొదటి రోకలి ఆమె చేతికే ఇచ్చేవాళ్ళు. మామిడికాయ తొక్కు పెడితే మొదటి పిడికెడు ఉప్పు ఆమె వెయ్యాలి, అప్పుడు ఏడాదంతా బూజు పట్టదు. మా అమ్మ కూడా ఒక ఎండాకాలం ఆమెను పిలిపించుకుని తొక్కు కలిపించింది. ఆ జాడీ నిజంగానే చెడలేదు. హస్తవాసి అనేది ఉందో లేదో నాకు తెలియదు. ఉందని నలుగురూ నమ్మడం వల్ల నర్సమ్మ మాత్రం తల కొంచెం ఎత్తుకుని నడిచేది. ఊడ్చే చీపురు పక్కన పెట్టగానే ఆమె పెద్దమనిషి.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. సర్వర్‌లో పెట్టిన పేజీ బయటివాళ్ళకు కనపడాలంటే మధ్యలో ఒక చిన్న పెట్టె ఉండాలి, రౌటర్ అంటారు. అది అపార్టుమెంటు వాచ్‌మన్ లాంటిది. బయటి నుంచి ఎవరొచ్చినా "రెండో నంబరుకు పోండి" అని పంపమని దానికి చెప్పి పెట్టాను, ఎందుకంటే సర్వర్ ఉండేది రెండో నంబరులో. అయితే లోపలి కంప్యూటర్లకు ఆ నంబర్లు పంచేది కూడా ఆ పెట్టే. ముందు ఎవరు లేస్తే వాళ్ళకు రెండు, తర్వాత లేచినవాళ్ళకు మూడు, అలా. సర్వర్‌కు మాత్రం ఎప్పటికీ మారని నంబరు మనమే రాసి పెట్టాలి. "నంబరు ఫిక్స్ చేశావామ్మా? రేపు మారిపోతే కొంప మునుగుద్ది," అని మురళిగారు అడిగారు. "చేశాను సార్," అన్నాను. చెయ్యలేదు. చేద్దామనుకున్నాను, పనిలో మరచిపోయాను, తర్వాత ఎప్పుడు చూసినా అది రెండులోనే ఉండేది కాబట్టి చేసేశాననే అనుకున్నాను. అది రెండులో ఎందుకుండేదంటే, షార్ట్ సర్క్యూట్ భయంతో మురళిగారు ఇంటికి పోయేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసేవారు (సైటు కూడా అప్పుడు నిద్రపోయేది, అప్పట్లో దాన్నెవరూ తప్పనుకోలేదు), పొద్దున్నే, నర్సమ్మను మినహాయిస్తే, అందరికంటే ముందు వచ్చి నేను మొదట సర్వర్ స్విచ్చే నొక్కేదాన్ని. బాపు మొదటి కుట్టులాగా. నా మంచి అలవాటు నా తప్పును అన్ని నెలలు దాచిపెట్టింది.

ఆ ఏడాది దసరా ముందు రోజు ఆఫీసులో ఆయుధపూజ చేశాం. కంప్యూటర్లన్నీ ఆపి, దుమ్ము తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండలేసి, గడప దగ్గర గుమ్మడికాయ కొట్టాం. పూజలో పెట్టిన పనిముట్టును మళ్ళీ మంచి ఘడియలో ఎత్తేదాకా ముట్టకూడదు కదా, పండుగ మర్నాడు తొమ్మిదింటికి మొదలుపెట్టాలని అనుకున్నాం. ఆ పొద్దున హారతి అయ్యాక, "ఎవరి చేత్తో ఆన్ చేయిద్దాం?" అన్నారు మురళిగారు. నేనే అన్నాను, "నర్సమ్మ చెయ్యి మంచిది సార్" అని. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఏది నొక్కాల్నే సుజాతా?"

"ఏదైనా నొక్కు నర్సమ్మా, ఏం ఫరక్ పడదు," అన్నాను.

తలుపు దగ్గరే ఉన్న రిసెప్షన్ కంప్యూటర్‌కు పెద్ద దండ ఉంది. ఆమె దాని ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో స్విచ్చు నొక్కింది. అది గుయ్యిమని లేచింది. ఆమె ముఖంలో వెలుగు నాకిప్పటికీ గుర్తుంది. తర్వాత తలో కంప్యూటరూ వేసుకున్నాం. నేను మిఠాయి పంచి, చివరికి వెళ్ళి సర్వర్ వేశాను.

పది దాటాక మొదటి ఫోన్ వచ్చింది. ఆ రోజే ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళ ఉచిత సీట్ల పరీక్షకు హాల్‌టికెట్లు మా సైటులో పెట్టాం. పరీక్ష మర్నాడు పొద్దున్నే. పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడ నెట్ సెంటర్‌లో కూర్చుని ప్రింటు తీసుకోవాలి, అందులోనే సెంటర్ ఏ ఊళ్ళో పడిందో ఉంటుంది. "మేడమ్, జగిత్యాలకెల్లి మాట్లాడుతున్న. మా బిడ్డది హాల్‌టికెట్ తెరుసుకుంటలేదు," అన్నాడు ఒకాయన. నేను నా కంప్యూటర్‌లో చూశాను. పేజీ చక్కగా ఉంది. "వస్తోందండీ, మళ్ళీ చూడండి," అని పెట్టేశాను. ఐదు నిమిషాల్లో ఇంకో ఊరు, ఇంకో ఊరు. ఫోన్ పెట్టడం ఆలస్యం, మోగుతోంది. మురళిగారు కోచింగ్ సెంటర్‌లో కూర్చుని ఉన్నారు, అక్కడి నుంచి ఆయన ఫోను. "ఏంటి సుజాతా ఇది? ఇక్కడ వీళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతున్నారు!"

"సార్, మనకు కనపడుతోంది."

"మనకు కనపడితే ఏం లాభం? పెళ్ళికూతురు అద్దంలో తనను తాను చూసుకుంటే చాలా?"

ఆ మాట నిజమే. నేను కిందికి పరుగెత్తి పక్క సందులోని నెట్ సెంటర్‌లో కూర్చుని సైటు అడిగాను. తెల్లటి తెర, మధ్యలో 'పేజీ దొరకలేదు' అన్న ముక్క. లోపల ఉన్నది, బయటికి లేదు. పైకి వచ్చి సర్వర్ ఆపి మళ్ళీ వేశాను. సర్వర్‌లో పేజీలు పంపే ప్రోగ్రామ్ చూశాను, నడుస్తోంది. లైను ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేశాను, మీ లైను బాగుంది అన్నారు, అది నిజంగానే బాగుంది. మళ్ళీ నెట్ సెంటర్, మళ్ళీ తెల్లతెర. మూడంతస్తులు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. తప్పు ఎక్కడో తెలిస్తే భయం తక్కువ. అన్నీ బాగున్నాయి, పని మాత్రం జరగడం లేదు అంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక మనిషికి పిచ్చెక్కుతుంది. జగిత్యాల ఆయన మధ్యాహ్నం మళ్ళీ చేశాడు. ఆయన బిడ్డ నంబరు అడిగి, మా దగ్గర పేజీ తెరిచి, "హైదరాబాద్‌లో పడిందండీ సెంటరు," అని చెప్పాను.

"ప్రింటు లేకపాయె గద మేడమ్. ఫొటో ఉన్న కాయితం లేకుంటే లోపటికి రానియ్యరట. నాలుగింటి బస్సు దాటితే మాకు ఇంకోటి అందది. పిల్ల పొద్దటి సంది ఏడుస్తున్నది," అన్నాడు. వెనక ఆ పిల్ల ముక్కు చీదుకోవడం నాకు వినిపించింది.

రెండున్నరకు మురళిగారు వచ్చారు. వస్తూనే సర్వర్ వెనక్కి వంగి వైర్లు చూశారు. వైర్ల మీద తడిగుడ్డ చార ఉంది, పూజ ముందు తుడిచిన చార. "ఎవరు తుడిచారు ఇక్కడ?" అన్నారు. నర్సమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉంది. "నేనే సారూ, పూజకని..." అంది. "నిన్నెవరు ముట్టుకోమన్నారు? తెలీని వస్తువులో చెయ్యెందుకు పెడతావ్? ఇక నుంచి ఏదీ నువ్వు ముట్టకు!" అని అరిచారు. పొద్దున ఆమె చేత్తోనే స్విచ్చు నొక్కించిన మనిషి. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం అంటే అదే. కాకి వాలింది, తాటిపండు పడింది, ఇక కాకిదే నేరం. నర్సమ్మ గ్లాసులు కింద పెట్టి, రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడ పక్కన నిలబడింది. అప్పటికి నాకు కూడా నిజంగానే వైరేమో అనిపించింది. వైరు మార్చాను. ఏమీ మారలేదు. మురళిగారు మళ్ళీ కోచింగ్ సెంటర్‌కు పరుగెత్తారు.

మూడుంబావు. చెయ్యాల్సినవన్నీ అయిపోయాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. అలా కూర్చుంటే బాపు గుర్తొచ్చాడు. మిషన్ తనంతట తాను మారదు. పొద్దున నేనేం మార్చాను? వేళ్ళు మడిచాను. దండలు. బొట్లు. తుడవడం. మిఠాయి. మొదటి స్విచ్చు.

మొదటి స్విచ్చు నేను వెయ్యలేదు.

లేచి సర్వర్ నంబరు చూశాను. రెండు కాదు, ఆరు. రిసెప్షన్ కంప్యూటర్ చూశాను. అది రెండులో కూర్చుని ఉంది, మెడలో దండతో. పొద్దుటి నుంచి అన్ని ఊళ్ళ పిల్లల్నీ మా వాచ్‌మన్ బుద్ధిగా ఆ గుమ్మానికే పంపిస్తున్నాడు, అక్కడేమో వాళ్ళను పలకరించే దిక్కు లేదు. మేం ఆఫీసులో సర్వర్‌ను నంబరుతో కాకుండా పేరుతో పిలుస్తాం కాబట్టి అది ఏ గదిలో ఉన్నా మాకు పలుకుతోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ అంకె ఒక్కటి చూడకుండా పొద్దంతా మెట్లెక్కాను. రౌటర్‌లో రెండు తీసి ఆరు రాశాను, ఆరును ఇక కదలకుండా సర్వర్‌లో రాసిపెట్టాను. రెండు నిమిషాల పని. జగిత్యాల ఆయన ఫోన్ చేసిన నెట్ సెంటర్ నంబరుకు నేనే చేశాను.

"ఒక్కసారి మళ్ళీ నొక్కండి."

అటు కీబోర్డు చప్పుడు. ఎవరో దగ్గారు. ఫోను నా చెవికి చెమటతో అంటుకుపోయింది. తర్వాత ఆయన ఒక్క కేక పెట్టాడు, "అచ్చింది మేడమ్! బిడ్డ ఫొటో కానొస్తున్నది!" వెనక ప్రింటర్ కిర్రుకిర్రుమంటోంది. గడియారం చూశాను, మూడున్నర దాటింది. బస్సు అందుతుంది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నర్సమ్మ వచ్చి వీపు నిమిరింది. నోటితో కాదు, చేత్తోనే "అయిపోయిందిలే" అన్నట్టు నిమిరింది.

అప్పుడే మురళిగారు వచ్చారు. ఆయనకు కబురు అందింది, ముఖం తేటగా ఉంది. "భేష్! ఇంతకీ ఏమైందమ్మా?" అన్నారు.

అక్కడ నాకు రెండు దారులున్నాయి. నంబరు ఫిక్స్ చేశానని మీకు అబద్ధం చెప్పాను సార్, అనొచ్చు. ఉద్యోగం పోయేదేమో, పోకపోయేదేమో. బాపు మెడలో టేపు వేసుకుని ఎవరికో నా గురించి చెబుతూ కళ్ళముందు కనిపించాడు. నాకు ఇరవై రెండేళ్ళు. నా వీపు మీద నర్సమ్మ చెయ్యి ఇంకా ఉంది.

"వైరు సార్," అన్నాను. "తుడిచినప్పుడు కదిలినట్టుంది."

వీపు మీది చెయ్యి తీసేసింది. విసురుగా కాదు. కాలే గిన్నె మీది నుంచి తీసినట్టు, తన చెయ్యే నాకు చెడు చేస్తుందన్నట్టు తీసింది. మురళిగారికి కోపం అప్పటికే దిగిపోయింది, "సరే, రేపట్నుంచి సిస్టమ్స్ గదిలోకి రాకమ్మా, బయట ఊడ్చేసి వెళ్ళు," అన్నారు మామూలుగా. ఆమెను ఎవరూ పనిలోంచి తీసెయ్యలేదు. ఎనిమిది తొమ్మిది రోజులు గుమ్మం అవతలే ఊడ్చి, చాయ్ ఫ్లాస్కు గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళింది. తర్వాత రావడం మానేసింది. ఒకరోజు చెబుదామనుకున్నాను, ఆదివారం వెళదామనుకున్నాను, బోనాలకు బల్కంపేట వెళ్ళినప్పుడు వెతుకుదామనుకున్నాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను తీసుకోలేకపోవడం కాదు, ఆ ప్రయత్నమే చెయ్యలేదు. ఆ మర్నాటి నుంచి కూడా నేను రోజూ మొదట సర్వర్ స్విచ్చే వేసేదాన్ని, ఇక ఆ అవసరం లేకపోయినా.

ఇప్పుడు ఆ పనే లేదు. వెబ్‌సైట్లన్నీ ఎక్కడో మనకు కనపడని గదుల్లో, ఎవరూ రాత్రికి ఆపని యంత్రాల్లో ఉంటాయి. ఎవరూ వాటికి దండ వెయ్యరు. బాపు పోయాడు, షాపున్న సందులో ఇప్పుడు మొబైల్ కవర్లమ్ముతున్నారు. ఇదంతా మంచికా చెడుకా అని నేను తూకం వెయ్యలేను. అప్పుడు పని చెడితే పక్కనే ఒక మనిషి దొరికేది నింద వెయ్యడానికి. ఇప్పుడు దొరకదు. ఆ ఒక్క విషయంలో ఇప్పుడే నయం అనిపిస్తుంది.

మేనకోడలు ఇచ్చిన మంచినీళ్ళు తాగి లేచాను. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య మెట్లు ఎక్కువేం లేవు, కానీ లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీద ఒక్కొక్కటే ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. నర్సమ్మ ఒక్కతే ఉంది, నేల మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. ఎండాకాలపు నడిమధ్యాహ్నం. రవికె చెమటతో వీపుకు అతుక్కుపోయింది. నెత్తి మీద ఫ్యాను కదలకుండా వేలాడుతోంది.

"కరెంటు లేదా నర్సమ్మా?"

"ఉన్నది. బిడ్డ డ్యూటీకెల్లి వచ్చినంక ఏస్తది. అలవాటైంది తీ." కొత్తిమీర వేర్లు తుంచుతూ చెప్పింది. "మీ ఆఫీసుల గట్లయినంక ఇంట్ల ఒకపాలి టీవీ ఏసిన, గది సుత కాలిపోయింది. ఇగ ముట్టుడు బందు పెట్టిన. పెండ్లిళ్ళల్ల పసుపు దంచనీకి పిలిస్తె కాలు నొస్తున్నదని చెప్తుంటి. మంది పిల్లల పెండ్లి, నా చెయ్యి ఎందుకు తియ్యి వాండ్లకు."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చెప్పాను. మొదటి స్విచ్చు సంగతి, నంబరు సంగతి, నేను మురళిగారికి చెప్పిన రెండు అబద్ధాలూ చెప్పాను. నంబర్ల గోల ఆమెకు పట్టలేదు. మధ్యలో ఆపి ఒక్కటే అడిగింది.

"వైరు గాదా?"

"కాదు. నువ్వు ఏమీ చెయ్యలేదు. తప్పు నాది. ఆ రోజే నాకు తెలుసు."

"ఆ రోజే ఎరికేనా నీకు?"

"తెలుసు."

ఆమె చేతిలో కొత్తిమీర అలాగే ఉండిపోయింది. నా వంక చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు. "నా చిన్నబిడ్డ పెండ్లిల సుత నేను రోకలి పట్టలేదు," అంది. "మా ఆడిబిడ్డ పట్టింది. నేను అర్రల కూసున్న. గిప్పుడు చెప్తున్నవు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. ఏం చెయ్యాలో తెలియక, కనీసం ఆ ఉక్కలో కాస్త గాలైనా తగలనీ అని లేచి గోడ దగ్గర ఫ్యాను స్విచ్చు వైపు చెయ్యి చాపాను.

"ఆగు," అంది. "నువ్వు ముట్టకు."

మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. కొత్తిమీర తడి కొంగుకు తుడుచుకుంది. నన్ను పక్కకు జరిపి స్విచ్చుల ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో నొక్కింది.